ఉదయగిరి చెంచా, నా కుర్చీ, ఒక అబద్ధం

మూడేళ్ళుగా పోదాం పోదాం అనుకుంటూ వాయిదా వేసిన ఊరు ఉదయగిరి, చెక్క చెంచాలు చేసే ఊరు. కావలిలో మా ఇంటి నుంచి పెద్ద దూరమేం కాదు, పొద్దున్నే బస్సెక్కితే కలిగిరి, వింజమూరు దాటి భోజనాల టైముకి ముందే దిగిపోవచ్చు, అయినా పోలేదు. ఎందుకు పోలేదో చెప్పాలంటే ముందు నా పని సంగతి కొంచెం చెప్పాలి.

నేను ఫర్నిచర్ డిజైనర్ని, మా నాయన వడ్రంగి. పండక్కి చుట్టాలొచ్చి మీవాడు ఏం చేస్తుండాడు అని అడిగితే మా అమ్మ "బెంగుళూరులో డిజైనింగ్" అంటుంది, మా నాయన "బొమ్మలు గీస్తాడు, చెక్క వేరే వాళ్ళు కోస్తారు" అంటాడు. రెండూ నిజమే. డిజైన్ కోర్సు అయ్యాక నాలుగేళ్ళు ఒక మాడ్యులర్ కిచెన్ల కంపెనీలో పనిచేశా, పొద్దస్తమానం కంప్యూటర్లో డబ్బాలు గీయడం, ప్లైవుడ్డు, లామినేటు, మెల్లగా మూసుకునే కీళ్ళు. ఆ నాలుగేళ్ళలో అసలైన చెక్కని నేను ముట్టుకుంది సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడే. తర్వాత మానేసి ఊరి బయట ఒక షెడ్డు అద్దెకి తీసుకుని, ఇద్దరు పనివాళ్ళని పెట్టుకుని, ఏడాదికి పదో పన్నెండో పీసులు చేయడం మొదలుపెట్టా. అక్కడొచ్చింది అసలు తంటా. నా కుర్చీని షోరూంలో పెడితే "ఇంత రేటా" అంటారు, అదే కుర్చీని గ్యాలరీలో తెల్లగోడ ముందు లైటేసి పెడితే రేటు సంగతి ఎత్తకుండా "దీని మీద కూర్చోవచ్చా అండీ" అని అడుగుతారు. మా నాయన చేసిన టేకు కుర్చీ గురించి ఈ ప్రశ్న ఇంతవరకు ఎవరూ అడగలేదు.

నకాషిమా అని ఒకాయన, మా లైనులో ఆయన పేరు తెలియని వాళ్ళుండరు. జపాన్ తల్లిదండ్రులకి అమెరికాలో 1905లో పుట్టాడు, ఎంఐటీలో ఆర్కిటెక్చర్ చదివాడు, 1930ల చివర్లో మన పక్కనే పాండిచ్చేరిలో అరవిందాశ్రమం వాళ్ళ గోల్కొండ భవనం పని చూసుకున్నాడు. అంత చదివినాయనకి చెక్క పని నిజంగా ఒంటబట్టింది ఎక్కడంటే, 1942లో యుద్ధం పేరుచెప్పి అమెరికా వాళ్ళు జపాన్ మూలాలున్న వాళ్ళని తోలి పెట్టిన క్యాంపులో, అదే క్యాంపులో ఉన్న ఒక జపనీస్ వడ్రంగి దగ్గర. ఆ తర్వాతే ఆయన బల్లలకి పేరొచ్చింది, చెట్టు అంచుని వంకరగా ఉంటే వంకరగానే వదిలేయడం, పగులొస్తే దాచకుండా అడ్డంగా సీతాకోకచిలుక ఆకారం చెక్క ముక్క బిగించడం. ఈ కథని నేను క్లయింట్లకి కనీసం యాభైసార్లు చెప్పుంటా, చెప్పినప్పుడల్లా గొప్పగా ఫీలయ్యా, ఎవరి దగ్గర నేర్చుకున్నదీ దాచని మనిషి కథ చెప్తూ నేను దాచేస్తున్నా అని మాత్రం తట్టలేదు.

దాచింది ఏందంటే, నా కుర్చీల్లో కాస్త పేరు తెచ్చింది ఒకటే ఉంది. వీపు ఆనే చోట తొమ్మిది సన్నటి బద్దలు, పైన ముళ్ళ చెంచా పళ్ళలాగా విడిపోయి ఉంటాయి, మధ్యలో చిన్న చిన్న బెజ్జాల జాలీ. ఆ జాలీ, ఆ పళ్ళ వంపు నావి కావు, లేపాక్షి ఎంపోరియంలో కొన్న ఉదయగిరి చెక్క ఫోర్కువి. దాన్ని టేబుల్ మీద పెట్టుకుని స్కెచ్ గీశా, గ్యాలరీ వాళ్ళు కాన్సెప్ట్ రాసివ్వమంటే "నీడా వెలుతురూ" అని ఏదో రాసిచ్చా. ఉదయగిరి అన్న మాట అందులో లేదు. కుర్చీ 85 వేలకి పోయింది. ఇదీ మూడేళ్ళు బస్సెక్కకపోవడానికి కారణం.

మొన్న దసరాకి ఇంటికొచ్చినప్పుడు ఇంక లాభం లేదని బయల్దేరా. వింజమూరులో కారం దోశ తిన్నా, ఎర్రకారం పూసి పైన పప్పులపొడి చల్లి ఇచ్చాడు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ వదలబుద్ధి కాలేదు. అక్కణ్ణించి కొండలు దగ్గరపడతా ఉంటాయి, ఉదయగిరి వచ్చేసరికి దుర్గం కొండ నెత్తిమీదికి వచ్చి నిలబడినట్టు ఉంటుంది. కోట ఎక్కుదామా అనుకున్నా గానీ ఎండ చూసి ఆ ఆలోచన మానుకున్నా.

దిలావర్ భాయ్ వీధి ఎక్కడ అని బస్టాండులో అడిగితే "చెంచాలకా?" అన్నాడు టీ కొట్టాయన. ఆ వీధికి వేరే పని మీద వచ్చేవాళ్ళు తక్కువేమో. చిన్న వీధి, తలుపులు తీసే ఉన్నాయి, ఒక ఇంటి వరండాలో ఐదుగురు ఆడోళ్ళు కూర్చుని పనిచేస్తున్నారు, వాళ్ళలో వాళ్ళు ఉర్దూ, నాతో తెలుగు. పెద్దామె దగ్గర కూర్చున్నా, చెక్క పనే చేస్తాను అక్కా, చూద్దామని వచ్చా అన్నా.

"చూడు నాయనా, చూసేదానికి ఏముండాది, అంతా పొట్టే" అంది.

నిజంగానే అంతా చెక్క పొట్టు. అడివి నుంచి తెచ్చిన కట్టెలు ఒక మూల, నర్ది, బిక్కి, దేవదారి. దువ్వెనకి బిక్కి బాగుంటుందంట, గట్టిగా ఉంటుంది, పళ్ళు తొందరగా విరగవు. ఆమె చేతిలో ఉన్నది ఫోర్కు. పెన్సిల్‌తో మూడు గీతలు గీసింది, స్కేలు లేదు, సన్న రంపంతో ఆ గీతల మీద కోసింది, చెక్కని కాలి వేళ్ళ మధ్య ఇరికించి ఆకురాయితో పళ్ళ సందుల్లో రాయడం మొదలుపెట్టింది. రెండుసార్లు రాసి చెక్కని తిప్పేది, వాటం చూసుకునేది, మళ్ళీ రాసేది. నేను టైము చూశా, ఒక్క సందుకే పావుగంట పట్టింది. చివర్లో ఉప్పు కాగితం పట్టి, తుడిచి, ఫోర్కుని పెదవికి ఆనించి మెల్లగా అటూ ఇటూ రాసింది. ఎందుకక్కా అన్నా. "చేత్తో చూస్తే నున్నగానే ఉంటది, మా చేతులు మొద్దుబారిపోయినయి కదా. నోట్లో పెట్టుకునేది నోటికే తెలియాల" అంది. మళ్ళీ ఉప్పు కాగితం అందుకుంది, పాసవ్వలేదన్నమాట.

ఆ తర్వాత ఏ ధైర్యం వచ్చిందో, ఫోన్ తీసి కుర్చీ ఫోటో చూపించా. ఇది నేను చేసిందక్కా, మీ ఫోర్కు చూసే చేశా అన్నా. బెంగుళూరులో ఎవరికీ చెప్పని మాట అక్కడ టక్కున వచ్చేసింది. కోప్పడతారేమో అనుకున్నా, మా డిజైన్ మీకెవరు ఇచ్చారు, మాకు జీఐ, అదే ఈ పని మా ఊరిదేనని ప్రభుత్వం ఇచ్చిన గుర్తింపు, ఉండాది తెలుసా అంటారేమో అని బస్సులో దానికి జవాబులు కూడా తయారు చేసుకున్నా. ఫోన్ ఐదుగురి చేతులూ తిరిగింది. ఒక పిల్ల వేళ్ళతో ఫోటో పెద్దది చేసి బెజ్జాలు లెక్కపెట్టింది. పెద్దామె చాలాసేపు చూసి ఒకటే అడిగింది.

"కూర్చుంటే ఈపుకి గుచ్చుకోదా?"

గుచ్చుకుంటుంది. ఫోటోగ్రాఫర్ కోసం పది నిమిషాలు కూర్చున్నప్పుడే నాకు తెలుసు, కొన్నాయన దాన్ని హాల్లో మూలన పెట్టాడు గానీ ఎవర్నీ కూర్చోనివ్వడని కూడా తెలుసు. కొంచెం గుచ్చుకుంటుందక్కా అన్నా. పళ్ళ కొసలు ఇంకా వెనక్కి వంచాల్సింది అని తన ఫోర్కు తిప్పి చూపించింది, పక్కనుంచి చూస్తే కొస నోటికి తగలకుండా సన్నగా వంగి ఉంది. అలాంటి ఫోర్కే మూడేళ్ళు నా టేబుల్ మీద ఉంది, నేను ఎప్పుడూ ఎదురుగా పెట్టే గీశా.

"ఎంతకి అమ్మినావు?" అనడిగింది ఆ పిల్ల.

"పదిహేను వేలు" అన్నా.

ఎందుకన్నానో నాకూ తెలియదు. పదిహేను వేలకే "యా అల్లా" అనుకుని నవ్వుకున్నారు అందరూ. 85 అనుంటే ఏమయ్యేదో.

కాసేపు బయటికొచ్చి అరుగు మీద కూర్చున్నా, ఎదురుగా కొండ. 1514లో కృష్ణదేవరాయలు ఏడాదిన్నర ముట్టడేసి గజపతుల దగ్గర్నుంచి ఈ కోట గెలిచినప్పుడు ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహం హంపీకి పట్టుకుపోయి, దానికోసం గుడి కట్టించి మరుసటేడు ప్రతిష్ఠ చేయించాడు. విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. ఉదయగిరి నుంచి వస్తువు పట్టుకుపోయి వేరే చోట పేరు తెచ్చుకోవడం నాతో మొదలవ్వలేదులే అని నాకు నేను సర్దిచెప్పుకోబోయా గానీ, రాయలు కనీసం ఎక్కణ్ణించి తెచ్చిందీ శాసనం చెక్కించి మరీ చెప్పాడు.

లోపలికెళ్ళి చెంచాలు ఏరుకున్నా, గరిటెలు రెండు, ఫోర్కులు ఆరు, మా అమ్మకి దువ్వెన. మొత్తం ఏడొందల యాభై అయింది. బేరం ఆడకూడదు అని ముందే అనుకుని ఐదొందల నోట్లు రెండు ఇచ్చా. పెద్దామె కొంగుముడి విప్పి చిల్లర లెక్కపెట్టి నా చేతిలో పెట్టింది, చూస్తే మూడొందలు. యాభై ఎక్కువిచ్చావక్కా అన్నా.

"ఉంచుకో నాయనా, నువ్వు కూడా ఈ పని చేసేటోడివే కదా, మాలో మాకేంది" అంది.

తీసుకున్నా. నాలుగింటి బస్సుకి కావలి వచ్చేశా.