పాత కొళాయి లైను మార్పించిన వైనం

విజయనగరంలో కోటకు దగ్గరి ఇరుకు సందులో తాతగారు కట్టించిన పెంకుటింట్లోనే మేము ఇప్పటికీ ఉంటున్నాము. మాకు తెల్లవారుజామున గంటసేపు నీళ్లు వదులుతారు. ఆ గంటలో మా కొళాయి ధార ఏటేటా సన్నబడుతూ వచ్చి, నిరుడు వేసవికి పూర్తిగా తిప్పినా చిటికెన వేలంత కూడా లేకుండా పోయింది.

చూసినవారందరూ చెప్పిన ఉపాయం ఒకటే, లైనుకు నేరుగా మోటారు బిగించమని. అది నిబంధనలకు విరుద్ధమన్న మాట అటుంచి, మోటారు లాగుతున్నప్పుడు పైపులో పీడనం పడిపోతే, అతుకుల్లో ఎక్కడ సందు ఉన్నా బయటి మురుగు లోపలికి చేరుతుంది. మా సందులో పైపులన్నీ మురుగు కాలువను దాటి ఇళ్లలోకి వస్తాయి కనుక అందుకు నాకు మనసొప్పలేదు.

ముందు లోపం ఎక్కడుందో తేల్చుకోవాలనుకున్నాను. దానికి 15 లీటర్ల బకెట్టు, చేతి గడియారం చాలు. మా బకెట్టు నిండడానికి ఆరు నిమిషాలు పట్టింది. అంటే గంటంతా పట్టుకున్నా వచ్చేది 150 లీటర్లే. మర్నాడు అదే వేళకు ఎదురింటి పిన్నిగారి కొళాయి కింద పెడితే నిమిషం పది సెకన్లకే నిండింది కాబట్టి వీధి పైపులో లోటు లేదు. ప్లంబరు మేస్త్రి వచ్చి గుమ్మం దగ్గరి గేటువాల్వు విప్పితే అక్కడా అదే సన్నధార, అంటే లోపం వీధి పైపుకూ గుమ్మానికీ నడుమనే. కొళాయి కట్టి ఉంచినప్పుడు ఒత్తిడి కొలిచే గేజి ముల్లు బాగానే నిలబడి, తెరవగానే జారిపోయింది. నీరు కదలనంతసేపు పైపు ఇరుకు బయటపడదు. ఒత్తిడి బాగానే ఉందని మేము ఏళ్ల తరబడి మోసపోయింది అందువల్లనే.

వార్డు సచివాలయంలో అర్జీ పెట్టి, రోడ్డు తవ్వడానికి రుసుము కట్టి, అనుమతి వచ్చాక తవ్వించాము. అరంగుళం జి.ఐ. పైపును, అంటే జింకు పూత వేసిన ఇనుప పైపును, రంపంతో కోస్తే, లోపల తుప్పు గడ్డలు కట్టి పెన్సిలు దూరేంత బెజ్జమే మిగిలింది. లోపలి వెడల్పు సగమైతే నీరు సగం కాదు, ఇంచుమించు ఆరో వంతుకు పడిపోతుంది.

నేను ఊహించనిది ఇంకా కింద ఉంది. వీధి పైపుకు బిగించి ఇంటి లైనును కలిపే ఫెర్రూలుకూ జి.ఐ. పైపుకూ నడుమ రెండడుగుల బూడిదరంగు గొట్టం, హంస మెడలా వంపు తిరిగి కనిపించింది. మేస్త్రి చాకుతో గీస్తే వెండిలా మెరిసింది, అయస్కాంతం అంటుకోలేదు. “ఇది సీసం బాబూ, తుప్పు పట్టదు, ఉంచేద్దాం” అన్నాడు. ధార ఒక్కటే లెక్కయితే అతని మాట సబబే. కానీ సీసం నీటిలో కరిగినా రంగు, రుచి, వాసన ఉండవు. కాచినా పోదు సరికదా, నీరు ఆవిరైన కొద్దీ దాని పాలు పెరుగుతుంది. తాగునీటిలో లీటరుకు 0.01 మిల్లీగ్రాముకు మించకూడదని మన ఐ.ఎస్. 10500 ప్రమాణం చెబుతుంది. ఇంట్లో మూడేళ్ల మనవరాలు ఉంది, సీసం ఎక్కువగా దెబ్బతీసేది పసిపిల్లల మెదడునే. పైగా పక్క పైపును కోసి కదిలిస్తే సీసం రేణువులు ఊడి నీటిలో పడతాయి. అందుకే ఫెర్రూలు నుంచి సంపు దాకా అంతా తీయించి 25 ఎం.ఎం. హెచ్.డి.పి.ఇ. ప్లాస్టిక్ పైపు వేయించాను. ఫెర్రూలు మాత్రం మంజూరైన పరిమాణమే, శుభ్రం చేసి బిగించారు. సీసం రేణువులు తుప్పును పట్టుకొని ఉంటాయి కనుక వంటింటి జి.ఐ. పైపును కూడా వదల్లేదు. ఖర్చు అనుకున్నదానికి దాదాపు రెట్టింపయింది.

మొదటి మూడు రోజులు వచ్చిన నీటిని వంటకు వాడకుండా వదిలేశాము. ఆ తర్వాత బకెట్టు పెట్టి చూస్తే నిమిషం అయిదు సెకన్లకు నిండింది. ఇప్పుడు మోటారు సంపులోంచే మేడమీది ట్యాంకుకు తోడుతుంది, వీధి లైనుతో దానికి సంబంధం లేదు.

తీసేసిన సీసపు ముక్కను చేపల వలలకు బరువు గుళ్లు పోసుకునే తన బావమరిదికి ఇస్తానని మేస్త్రి అడిగి తీసుకువెళ్లాడు. కరిగించేటప్పుడు ఆ పొగ పీల్చవద్దని రెండుసార్లు చెప్పి పంపాను.