కషివజాకి నిలువీత

టోక్యోలోని తత్సుమి ఈతకొలనులో ఇప్పుడు నీళ్ళు లేవు, మంచుగడ్డ ఉంది. టోక్యో ఒలింపిక్స్‌లో వాటర్ పోలో (నీళ్ళలో ఈదుతూ బంతిని గోల్‌లోకి విసిరే ఆట) జరిగిన ఈ కొలనుని స్కేటింగ్ రింకుగా మార్చి 2025 సెప్టెంబరులో తెరిచారు. తెలిసే వెళ్ళాను. 2021 ఆగస్టు 2న ఇక్కడే జపాన్ మగవాళ్ళ జట్టు దక్షిణాఫ్రికాని 24-9తో ఓడించింది. ఒలింపిక్స్‌లో వాళ్ళకది 37 ఏళ్ళ తరవాత దక్కిన గెలుపు. కరోనా వల్ల ప్రేక్షకులు లేరు. ఆ గెలుపు జరిగిన చోట ఒక్కసారి నిలబడాలనిపించింది, అంతే.

"రేపు కషివజాకి వెళ్తా" అంటే మా తమ్ముడు వింతగా చూశాడు. జపాన్ పడమటి తీరంలో ఒక ఊరది. "అక్కడేముంది అన్నయ్యా, క్యోటో వెళ్దాం రా!" పదేళ్ళుగా టోక్యోలో ఉంటున్నా వాడెప్పుడూ అటు పోలేదు.

షింకన్‌సెన్ అనే బుల్లెట్ రైల్లో నాగఓక ఊరి దాకా వెళ్ళి, అక్కడ చిన్న బండి ఎక్కాను. కోతలైపోయిన వరిచేలు, తరవాత సముద్రపు గాలి. స్టేషన్ బయటికి రాగానే బూర్బాన్ బిస్కెట్ కంపెనీ ఆఫీసు. ఊళ్ళోని వాటర్ పోలో క్లబ్బుకి ఆ పేరే.

ఆ క్లబ్బుని 2010లో మొదలుపెట్టినవాడు కాన్ అవోయాగి. నేనింత దూరం వచ్చింది ఆయన కథ కోసమే. జపాన్ జట్టుకి ఆడాడు, కెప్టెన్ అయ్యాడు. సొంత దేశంలో ఈ ఆటతో బతుకు గడవదు కాబట్టి స్పెయిన్, ఇటలీ, మాంటెనెగ్రోల్లో డబ్బుకి ఆడాడు. జపాన్‌లో కాలేజీ అయిపోగానే మంచి మంచి ఆటగాళ్ళు కూడా ఆట మానేసేవాళ్ళు. పగలు ఊళ్ళో ఉద్యోగం, సాయంత్రం కొలను అన్న పద్ధతి పెట్టి అలాంటివాళ్ళని ఇక్కడ నిలబెట్టాడు. ఈ ఊరే ఎందుకంటే, 1964 జాతీయ క్రీడల్లో వాటర్ పోలో ఇక్కడే జరిగింది. అప్పట్నించీ ఊరికి ఆ ఆట అలవాటు. రియో, టోక్యో ఒలింపిక్స్‌లో జపాన్‌కి గోల్ కాసిన కత్సుయుకి తనమురా ఈ క్లబ్బు మనిషే. నన్నడిగితే, అవోయాగి కొట్టిన గోల్స్ అన్నిటికన్నా ఈ పని పెద్దది.

సాయంత్రం ఊళ్ళోని ఈతకొలను అక్వాపార్క్‌లో అడిగితే పైన కూర్చోనిచ్చారు. కింద పిల్లల ప్రాక్టీసు. కోచ్ విజిల్ ఊదగానే అందరూ రెండు చేతులూ పైకెత్తారు. పదేళ్ళ పాప ఒకతె సరిగ్గా నా కిందే ఉంది. నీళ్ళలో ఆమె కాళ్ళు ఒకదాని తరవాత ఒకటి గుండ్రంగా, కవ్వం తిప్పినట్టు తిరుగుతున్నాయి. భుజాలు నీళ్ళపైనే, మొహంలో ఆయాసం లేదు. వీళ్ళు దాన్ని 'మకియాషి' అంటారు. చిన్నప్పుడు కాలవలో మా నాన్న నేర్పిన నిలువీతే ఇది, కాకపోతే మాకు చేతులు ఆడించక తప్పేది కాదు. ఈ ఆటలో చేతులు బంతికి కావాలి, ఒడ్డుని పట్టుకోకూడదు, అడుగున కాలు ఆనించకూడదు.

ఒళ్ళు చిన్నదైనా జపాన్‌వాళ్ళు యూరప్ జట్లకి ఎదురు నిలిచేది ఈ కాళ్ళతోనే. ప్రత్యర్థి వెనక కాకుండా, బంతి వచ్చే దారిలో ముందుకొచ్చి అడ్డం నిలుస్తారు. బంతి చిక్కిందా, అవతలి గోల్ వైపు ఒకటే ఈత. 2023లో చైనాలోని హాంగ్‌ఝౌలో ఆసియా క్రీడల స్వర్ణం అలాగే తెచ్చుకున్నారు, 53 ఏళ్ళ తరవాత. ఆసియా క్రీడల్లో ఈ ఆటకి మొట్టమొదటి స్వర్ణం మనదని, 1951లో ఢిల్లీలో గెలిచామని మనలో ఎందరికి గుర్తుంది? నాకది బాధే.

మళ్ళీ విజిల్. పాప చేతులు ఇంకా పైనే ఉన్నాయి. నా రైలుకి టైమైంది. తరవాతి బండికి వెళ్దామని బ్యాగు కింద పెట్టాను.