పాతికేళ్ల విరామం తర్వాత మళ్లీ రేడియో కంట్రోల్ విమానం: నా అనుభవం

చాలా ఏళ్ల విరామం తర్వాత రేడియో కంట్రోల్ విమానాలు ఎగరేయాలనుకునేవారికి రెండు దారులుంటాయి. ఆపిన చోటి నుంచి కొనసాగించడం ఒకటి, ఏమీ తెలియనివారిలా మొదటి పాఠం నుంచి నేర్చుకోవడం మరొకటి. నేను రెండో దారినే ఎంచుకున్నాను. చేతికి పాత అలవాటు ఉన్నప్పుడు మళ్లీ ఓనమాలు దిద్దడమెందుకని కొందరు మిత్రులు అడిగారు. పాతికేళ్లలో ఇంజిన్, రేడియో, విమానాన్ని కట్టే పదార్థం, వీటన్నిటితో పాటు చట్టం కూడా మారిపోయాయి. నా కళ్లు, చేతివేళ్లు కూడా మారాయి. అందువల్ల తెలిసినదేదో తెలియనిదేదో ముందుగా ఊహించుకోకుండా, ప్రతి మెట్టునూ మళ్లీ ఎక్కి చూడాలని నిశ్చయించుకున్నాను.

హైదరాబాదులో డిగ్రీ చదివే రోజుల్లో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో ఏరోమోడలింగ్ నేర్చుకున్నాను. అప్పట్లో మాకు ముందుగా అందేది కంట్రోల్ లైన్ విమానం. రెండు సన్నని ఉక్కు తీగల చివర అది గుండ్రంగా తిరుగుతుంటే, పైలట్ మధ్యలో నిలబడి తానూ దానితోపాటు తిరగాలి. ఈథర్, కిరోసిన్, ఆముదం కలిపిన ఇంధనంతో నడిచే చిన్న డీజిల్ ఇంజిన్‌ను వేలితో ప్రొపెల్లర్‌ను కొట్టి రాజేసేవాళ్లం. ఆ తర్వాతే మిథనాల్‌తో నడిచే గ్లో ఇంజిన్, రేడియో విమానం చేతికి వచ్చేవి. రేడియో పౌనఃపున్యం సెట్‌లో బిగించిన క్రిస్టల్‌ను బట్టి ఉండేది. ఒకే పౌనఃపున్యంలో ఇద్దరు ట్రాన్స్‌మీటర్ ఆన్ చేస్తే ఎగురుతున్న విమానం కూలడం ఖాయం కాబట్టి, బోర్డు మీద ఆ నంబరు క్లిప్పు ఎవరి దగ్గర ఉంటే వారే స్విచ్ వేయాలనేది కఠినమైన నియమం. ఆ క్రమశిక్షణ నాలో మిగిలే ఉంది. అయితే నేటి 2.4 గిగాహెర్ట్జ్ సెట్లలో ట్రాన్స్‌మీటర్, రిసీవర్ ఒకదాన్నొకటి గుర్తుపట్టేలా ముందే జతకట్టి ఉంటాయి. ఒకే మైదానంలో పదిమంది ఒకేసారి ఎగరేసినా ఒకరి సంకేతం మరొకరికి అడ్డురాదు.

విమానం కొనడానికి ముందే నిబంధనలు చదివాను. ఈ పనిని చివరికి వదిలేయవద్దని మళ్లీ మొదలుపెట్టే ప్రతివారికీ గట్టిగా చెబుతాను. మా రోజుల్లో ఖాళీ స్థలం దొరికితే చాలనుకునేవాళ్లం. ఇప్పుడు మన దేశంలో 2021 ఆగస్టు 25న నోటిఫై అయిన డ్రోన్ నిబంధనలు రేడియో విమానాలకు కూడా వర్తిస్తాయి. మొత్తం బరువు 25 కిలోలు మించకుండా, చదువు, పరిశోధన, వినోదం వంటి అవసరాలకే, కంటికి కనిపించే దూరంలోనే ఎగరేసే వాటిని ఆ నిబంధనలు మోడల్ విమానాలుగా గుర్తించి, టైప్ సర్టిఫికెట్ (ఆ నమూనాకు ప్రభుత్వం ఇచ్చే ఆమోదపత్రం) నుంచి మినహాయించాయి. రెండు కిలోల లోపు బరువున్న వాటిని వ్యాపారం కోసం కాకుండా నడిపేవారికి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. ఎక్కడ ఎగరేయవచ్చో ప్రభుత్వ వెబ్‌సైట్ అయిన డిజిటల్ స్కై పటంలో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో కనిపిస్తుంది. ఆకుపచ్చ ప్రాంతంలో 400 అడుగుల వరకు, విమానాశ్రయం సరిహద్దు నుంచి 8 - 12 కిలోమీటర్ల మధ్యనైతే 200 అడుగుల వరకు మాత్రమే ఎగరేయాలి. నిబంధనలకు సవరణలు వస్తూనే ఉంటాయి కనుక నమోదుతో సహా అన్ని విషయాల్లోనూ అప్పటికి అమలులో ఉన్న పాఠాన్ని స్వయంగా చదువుకోవడం మంచిది.

నేనిప్పుడు ఉంటున్నది నరసరావుపేట పక్కన. దగ్గర్లో విమానాశ్రయం లేదు కాబట్టి పటం విషయంలో చిక్కు రాలేదు కానీ, నేల విషయంలో వచ్చింది. పత్తి చేలల్లో కట్టె పీకిన తర్వాత కూడా మోళ్లు మిగులుతాయి. వాటి మీద దిగితే విమానం పొట్ట చీరుకుపోతుంది. పొలాల మధ్య కరెంటు తీగలు సరేసరి. చివరికి వేసవిలో ఎండిపోయిన ఒక చెరువు గర్భం అనువుగా కనిపించింది. చదునైన నేల, చుట్టూ కట్ట, దూరంగా చెట్లు. ఊరి పెద్దలను అడిగి, గొర్రెల కాపరులకు ఏ వేళకు వస్తానో చెప్పి ఉంచాను. "మందు కొట్టే డ్రోనా బాబూ ఇది?" అని వాళ్లలో ఒకాయన అడిగాడు. పొలాల్లో పురుగుమందు చల్లే డ్రోన్లు అందరికీ పరిచయమయ్యాయి కాబట్టి అది సహజమైన ప్రశ్నే. కెమెరా లేదని, పంటల మీదికి రాదని చూపించి చెప్పాక వాళ్లే నాకు కావలి అయ్యారు. కొత్త చోట ఎగరేసేవారు ముందుగా అక్కడి మనుషులతో మాట్లాడడం ఏ అనుమతికీ తీసిపోదని నా నమ్మకం.

విమానం ఎంపికలో ఆశను అదుపులో పెట్టుకున్నాను. కళ్లకు యుద్ధవిమానాల నమూనాలే కనిపిస్తాయి, కానీ నేర్చుకునే చేతికి కావలసింది రెక్క పైన ఉండి, ఆ రెక్క రెండు వైపులా కొద్దిగా పైకి వంగి ఉండే ట్రైనర్. పొట్ట బరువు రెక్క కింద ఉండడం, రెక్కకు ఆ వంపు ఉండడం వల్ల అది ఒక పక్కకు ఒరిగినా తనంతట తాను సర్దుకుంటుంది. 2022 ఫిబ్రవరిలో కేంద్రం పూర్తిగా తయారైన విదేశీ డ్రోన్ల దిగుమతిని నిషేధించి విడిభాగాలను మాత్రం అనుమతించింది. కాబట్టి నేను రెడీమేడ్ విమానం కోసం వెతకకుండా, దేశంలోనే కత్తిరించి అమ్మే ఫోమ్ కిట్ కొని, మోటారు, సర్వోలు (రెక్క, తోక పలకలను కదిపే చిన్న మోటార్లు), రిసీవర్ విడిగా తెచ్చుకున్నాను. రెక్క పొడవు సుమారు 1.4 మీటర్లు, బ్యాటరీతో కలిపి బరువు కిలోకు కాస్త ఎక్కువ. బాల్సా చెక్కను కోసి, టిష్యూ కాగితం అంటించి, ఆ కాగితాన్ని బిగించే డోప్ అనే పూత పూసి, వారాల తరబడి కట్టిన వాడికి ఫోమ్ మొదట్లో చప్పగా అనిపిస్తుంది. కానీ విరిగిన ఫోమ్ రెక్క జిగురుతో ఆ సాయంత్రానికే బాగవుతుంది; నేర్చుకునే దశలో ఆ గుణానికి విలువ కట్టలేం.

నాకు పూర్తిగా కొత్త పాఠం బ్యాటరీ. లిథియం పాలిమర్ బ్యాటరీని అందరూ లైపో అంటారు. నాది మూడు సెల్లులది, 2200 మిల్లీ ఆంపియర్ అవర్లది. సెల్లు నిండుగా ఉన్నప్పుడు 4.2 వోల్టులుంటుంది, అంటే మొత్తం 12.6. అంతకు మించి ఎక్కించినా, మరీ కిందికి దింపినా సెల్లు పాడవుతుంది, ఉబ్బుతుంది, నిప్పంటుకునే ప్రమాదం కూడా ఉంది. అందుకే సెల్లులన్నిటినీ సమంగా నింపే బ్యాలెన్స్ ఛార్జర్‌తో 2.2 ఆంపియర్లకు మించకుండా, పక్కనే ఉండి ఛార్జ్ చేస్తాను. అయిదో వంతు మిగిలి ఉండగానే దిగేలా టైమర్ పెట్టుకుంటాను. ఆ రోజుకు ఎగరేయడం అయిపోయాక సెల్లుకు 3.8 వోల్టుల దగ్గరికి తెచ్చి భద్రపరుస్తాను. పల్నాడు ఎండల్లో తలుపులు మూసిన కారులో లైపోను వదిలేయడం ఎంతమాత్రం తగదు. ఫోమ్ రెక్క కూడా ఆ వేడికి మెలికపడుతుంది. ఇంకొక తేడా ఉంది. గ్లో ఇంజిన్ మనం రాజేస్తే తప్ప తిరగదు, ఎలక్ట్రిక్ మోటారు బ్యాటరీ తగిలించిన క్షణం నుంచే తిరగడానికి సిద్ధంగా ఉంటుంది. కాబట్టి మొదట ట్రాన్స్‌మీటర్ ఆన్ చేసి, థ్రాటిల్ (మోటారు వేగాన్ని మార్చే స్టిక్) కిందికి ఉందని చూసుకుని, ప్రొపెల్లర్‌కు ఎదురుగా ఎవరూ లేనప్పుడే బ్యాటరీ కలపాలి. దిగిన తర్వాత ముందు బ్యాటరీ తీసి, ఆ తర్వాతే ట్రాన్స్‌మీటర్ ఆపాలి.

నేల మీద అడుగు పెట్టే ముందు కంప్యూటర్‌లో సిమ్యులేటర్ సాధన చేశాను. ట్రాన్స్‌మీటర్‌నే యూఎస్‌బీ తీగతో కలిపి వాడుకోవచ్చు కాబట్టి వేళ్లకు అసలు స్టిక్కుల అలవాటే అవుతుంది. విమానం మన నుంచి దూరంగా వెళ్తున్నప్పుడు దాని కుడి మన కుడి ఒకటే, మన వైపు వస్తున్నప్పుడు అవి తారుమారవుతాయి. కొత్తవారి విమానాలు ఎక్కువగా కూలేది ఇక్కడే. ఎదురుగా వస్తున్న విమానంలో ఏ రెక్క కిందికి ఒరిగిందో ఆ వైపుకే స్టిక్ కదపాలన్న సూత్రాన్ని ఆలోచన లేకుండా చేతులు చేసేదాకా సాధన చేశాను. ఎడమ వైపు చుట్లు తేలిగ్గా వచ్చాయి, కుడి వైపు చుట్లు చాలా కాలం మొండికేశాయి. అందుకని ఎనిమిది అంకె ఆకారంలో తిప్పడాన్నే ఎక్కువగా సాధన చేశాను; అందులో రెండు వైపుల మలుపులూ, రెండు దిక్కుల చూపూ వస్తాయి. సిమ్యులేటర్ చెప్పలేనిది దూరం. తెర మీద విమానం కట్టకు అవతల ఉందో ఇవతల ఉందో తెలిసే లోతు ఉండదు. అది నిజమైన ఆకాశం కింద మాత్రమే అలవడుతుంది.

కళ్ల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ వయసులో తిరిగి వచ్చేవారికి ఇది ముఖ్యం. నూటయాభై మీటర్ల దూరంలో విమానం ఒక నల్లని ఆకారంగా మాత్రమే కనిపిస్తుంది. అది వస్తోందో పోతోందో ఒక్క క్షణం తేలదు. వేసవిలో మసకబారిన తెల్లని ఆకాశంలో తెల్ల ఫోమ్ కలిసిపోతుంది. అందుకే రెక్క పైభాగానికి నారింజ రంగు, అడుగు భాగానికి నల్లని అడ్డపట్టీలు వేశాను. పై భాగమేదో అడుగు భాగమేదో తెలిస్తే విమానం ఎటు ఒరిగిందో తెలిసినట్టే. చత్వారపు అద్దాలు కాకుండా దూరపు చూపుకు మాత్రమే పనికివచ్చే అద్దాలు చేయించుకోవడం కూడా చాలా మేలు చేసింది.

ఇప్పటి రిసీవర్లలో గైరో స్థిరీకరణ, అంటే ఒరిగిన విమానాన్ని యంత్రమే సరిచేసే ఏర్పాటు, వస్తోంది. దాని మీద నాకొక స్పష్టమైన అభిప్రాయం ఉంది. మూడు స్థితుల స్విచ్‌లో ఒకటి విమానాన్ని తనంతట తాను సమతలానికి తెస్తుంది, రెండోది గాలి కుదుపులను మాత్రం సరిచేస్తుంది, మూడోది పూర్తిగా ఆపేస్తుంది. మొదటి స్థితిలో స్టిక్ వదిలితే చాలు రెక్కలు సర్దుకుంటాయి కాబట్టి కొత్తవారికి అది ప్రాణరక్షణ. కానీ అందులోనే ఉండిపోతే మలుపు తర్వాత రెక్కను సమం చేసే పని మన చేతికి ఎప్పటికీ రాదు. మాకు దగ్గరి పట్నంలో ఎంతోకాలంగా ఎగరేస్తున్న ఒక మాస్టారు ఉన్నారు. "ఆ స్విచ్‌ను ఆపదకు ఉంచుకోండి, అలవాటుకు కాదు" అని ఆయన మొదటి రోజే చెప్పారు. ఆ మాట ప్రకారం టేకాఫ్‌కు, దిగడానికి గైరో ఉంచి, మధ్యలో యాభై మీటర్లకు పైన దాన్ని ఆపి ఎగరేశాను; ఆ తర్వాత టేకాఫ్‌కు, చిట్టచివర దిగడానికి కూడా తీసేశాను. గైరో ఉన్నప్పుడు నేల మీద ఒక పరీక్ష తప్పనిసరి: విమానాన్ని చేత్తో పట్టుకుని కుడి రెక్కను కిందికి వంచితే కుడి ఐలరాన్ (రెక్క వెనక అంచున కదిలే పలక) కిందికి కదలాలి. పైకి కదిలితే గైరో తలకిందులుగా పనిచేస్తోందన్న మాట. అలా ఎగరేస్తే నిలబడదు.

ఈ పరీక్షతోపాటు భారకేంద్రాన్ని కూడా ప్రతిసారీ చూస్తాను. రెక్క ముందు అంచు నుంచి వెడల్పులో నాలుగో వంతు, మూడో వంతు మధ్య వేళ్ల మీద నిలిపితే ముక్కు కొద్దిగా కిందికి వాలాలి. బరువు వెనక్కి పోయిన విమానం చేతిలో నిలవదు. విమానాన్ని గట్టిగా పట్టుకుని, ట్రాన్స్‌మీటర్ ఆపేస్తే మోటారు ఆగుతుందో లేదో కూడా చూడాలి.

తెల్లవారగానే గాలి నిశ్చలంగా ఉంటుంది. ఎండ ఎక్కేకొద్దీ నల్లరేగడి నేల వేడెక్కి సుడిగాలులు లేస్తాయి, గద్దలు కూడా ఆ వేడి గాలిలోకి చేరి విమానం దగ్గరికి వస్తాయి. కాబట్టి ఎనిమిదింటికల్లా ముగించేవాళ్లం. మాస్టారి ట్రాన్స్‌మీటర్‌ను నాదానితో తీగతో కలిపి, ఆయన స్విచ్ వదిలితే అదుపు ఆయనకు వెళ్లేలా పెట్టుకున్నాం. టేకాఫ్, మలుపులు త్వరగానే వచ్చాయి. పాత చేయి అక్కడ పనికొచ్చింది. దిగడం మాత్రం కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది. గ్లో ఇంజిన్ విమానం బరువుతో తిన్నగా దిగేది. తేలికైన ఫోమ్ విమానం నేల దగ్గర తేలుతూ చెరువు కట్ట వైపు సాగిపోయేది. ముక్కును కిందికి నొక్కితే వేగం పెరిగి మరింత దూరం పోతుంది. పైకి లాగితే వేగం తగ్గి, రెక్క మీది గాలి విడిపోయి, ఒక రెక్క ఒక్కసారిగా పడిపోతుంది. ఎత్తును థ్రాటిల్‌తో, వేగాన్ని తోక మీద ముక్కును పైకీ కిందికీ తిప్పే ఎలివేటర్‌తో సర్దాలని మాస్టారు చెప్పారు. "నేల కోసం వెతకకండి, రెక్కలు సమంగా ఉంచండి. నేల దానంతటదే వస్తుంది" అనేవారు. గాలికి ఎదురుగా పొడవైన దారి తీసుకోవడం, చివరి మలుపును ఎత్తులోనే, కాస్త వేగంతో ముగించడం, నచ్చకపోతే థ్రాటిల్ ఇచ్చి మళ్లీ చుట్టు తిరగడం, ఈ మూడూ కుదిరాక విమానం నేను అనుకున్న చోటే దిగసాగింది. నేల తాకకుండానే మళ్లీ పైకి లేపే సాధన నాకు అన్నిటికన్నా ఎక్కువ నేర్పింది.

ఇప్పుడు గైరో లేకుండా, తీగ లేకుండా ఒంటరిగా ఎగరేస్తున్నాను. చెట్ల ఆకులు ఆగకుండా కదిలేంత గాలి ఉంటే విమానాన్ని పెట్టెలోంచి తీయను. వానాకాలంలో చెరువు నిండాక ఈ నేల ఉండదు కాబట్టి ఆ నెలల్లో సిమ్యులేటర్‌కు తిరిగి వెళ్లి, రెక్క కింద ఉండే విమానాన్ని, అంటే తనంతట తాను సర్దుకోని విమానాన్ని, సాధన చేయాలన్నది నా ప్రణాళిక. చలికాలం వచ్చేదాకా అలాంటి విమానం కొనను. ఆ లోగా ఇప్పటి ట్రైనర్‌తోనే పక్కగాలిలో దిగడం నేర్చుకోవాలి. తోక మీది నిలువు పలక అయిన రడ్డర్‌ను ఎడమ చేయి తనంతట తాను వాడడం ఇంకా రావలసి ఉంది.