పరుగు నేర్పే గొంతుకు ఒక వెబ్‌సైట్

విజయనగరంలో చాలాకాలం వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ పొందిన ఒక మాస్టారు, పరుగు సాధన చేసే పిల్లల కోసం తన గొంతుతో పాఠాలు రికార్డు చేశారు. ఇయర్‌ఫోను పెట్టుకుని ప్లే నొక్కితే చాలు, ఎప్పుడు నడవాలో, ఎప్పుడు పరుగందుకోవాలో, ఎప్పుడు వేగం తగ్గించాలో ఆయన చెబుతూ ఉంటారు. వినేవారు ఆ మాట ప్రకారం కదులుతారు. ఈ పాఠాలను నలుగురికీ చేర్చే వెబ్‌సైట్ రూపకల్పన ఈ మధ్య నా చేతికి వచ్చింది. ఆ పనిలో నాకు స్థిరపడిన అభిప్రాయం ఒక్కటే: గొంతును పరిచయం చేసే పేజీలో గొంతే ముందుండాలి, మిగతావన్నీ దానికి దారి వదలాలి. చెప్పుకోవడానికి ఇది తేలిక విషయమే గాని, పేజీలో అడుగడుగునా దీనికోసం వాదించాల్సి వస్తుంది.

వినేది ఎవరన్నది ముందుగా తేల్చుకోవాలి. మహానగరాల్లో ఇలాంటి వెబ్‌సైట్లు సాధారణంగా బరువు తగ్గాలనుకునే ఉద్యోగులను, మారథాన్‌కు సిద్ధపడేవారిని దృష్టిలో పెట్టుకుని తయారవుతాయి. మా విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో తెల్లవారకముందే గ్రౌండుకు చేరేవారిలో నాకు ఎక్కువగా కనిపించేది పోలీసు, సైన్యం ఉద్యోగాల దేహదారుఢ్య పరీక్షలకు సిద్ధమయ్యే యువతీయువకులే. ఆంధ్రప్రదేశ్ పోలీసు కానిస్టేబుల్ నియామకాల్లో 1600 మీటర్ల పరుగును పురుషులు 8 నిమిషాల్లో, మహిళలు 10 నిమిషాల 30 సెకన్లలో పూర్తిచేయాలి. 400 మీటర్ల ట్రాక్ మీద అది నాలుగు రౌండ్లు. అంటే పురుషులకు రౌండుకు 2 నిమిషాలు, మహిళలకు రెండున్నర నిమిషాలకు కాస్త పైన. ఈ లెక్క తెలియనివారు గ్రౌండులో ఉండరు. అయినా మొదటి రౌండును ఉత్సాహంలో నిమిషంన్నరకే ముగించి, మూడో రౌండుకు పిక్కలు పట్టేసి, ఆయాసంతో నడకకు దిగేవారు ఎందరో. మాస్టారి పాఠాల్లో సగం శ్రమ ఈ ఒక్క అలవాటును మాన్పించడానికే. అందుచేత హోమ్‌పేజీ పైభాగంలో ఆరోగ్యం, ఆనందం, విజయం వంటి పెద్ద మాటలకు చోటు లేదని నిర్ణయించాను. అక్కడ ఉండవలసినది ఇంతే: ‘1600 మీటర్లు. మొదటి రౌండు ఎలా పరిగెత్తాలో వినండి.’ దాని కింద ప్లే బటన్.

గొంతుతో పరుగు నేర్పడం కొత్త సంగతి కాదు. ఎన్నడూ పరిగెత్తనివారిని కూడా క్రమంగా 5 కిలోమీటర్ల పరుగుకు చేర్చేందుకు అమెరికాలో జాష్ క్లార్క్ 1996లో ‘కౌచ్ టు 5కే’ అనే ప్రణాళిక రూపొందించారు. తరువాతి కాలంలో అది ఆడియో పాఠాలుగా, ఫోను యాప్‌లుగా కూడా వచ్చింది. బ్రిటన్ ప్రజారోగ్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్ అందించే తొమ్మిది వారాల ప్రణాళికలో మొదటి వారమంతా 60 సెకన్లు పరుగు, 90 సెకన్లు నడక, మళ్లీ పరుగు, మళ్లీ నడక. కాగితం మీద ఇది సులువుగానే కనిపిస్తుంది గాని, పరిగెత్తే మనిషి నిమిషానికోసారి వాచీ చూసుకోవలసి వస్తే అడుగు తడబడుతుంది, ఊపిరి లయ తప్పుతుంది. ఆ వాచీ పనిని గొంతుకు అప్పగించినప్పుడు మనసు మొత్తం కాళ్ల మీద ఉంటుంది. ఈ ఒక్క ప్రయోజనం వెబ్‌సైట్ చూసినవారికి అర్థమైతే మిగతా వర్ణన ఏదీ అవసరం లేదని నా నమ్మకం.

మాస్టారి పాఠం ఒకటి దగ్గరగా చూద్దాం. నిడివి అరగంట. మొదటి 5 నిమిషాలు నడక, ఆ తరువాత 5 నిమిషాలు నెమ్మది పరుగు. ఆ నెమ్మది పరుగు నడుమ ఆయన ఒక ప్రశ్న వేసి ఆగుతారు: ‘ఇప్పుడు నాతో మాటాడగలవా? నీ పేరు, ఇంటిపేరు, మీ ఊరిపేరు పైకి చెప్పు.’ ఆ తరువాత కొన్ని సెకన్లు ఏమీ వినపడదు. తెరిపిగా చెప్పగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టు. చెప్పలేక రొప్పితే తగ్గించుకోవాలి. శిక్షకులు మాట పరీక్షగా వాడే ఈ పద్ధతికి గడియారం గాని, గుండె వేగం కొలిచే పట్టీ గాని అక్కర్లేదు. పదో నిమిషం దాటాక అసలు సాధన మొదలవుతుంది: 2 నిమిషాలు పరీక్షలో పరిగెత్తవలసిన వేగంతో పరుగు, 2 నిమిషాలు నడక, ఇలా నాలుగు విడతలు. ప్రతి విడత మొదట్లో, పిల్లలు ఎగిసిపడే ఆ పది సెకన్లకు సరిగ్గా, ‘బేగి (త్వరగా) ఎల్లిపోవద్దు, బాబూ, కొంచెం ఒంట్లో ఉంచుకో’ అంటారు. చివరి 4 నిమిషాలు మళ్లీ నడక. మాస్టారి ఈ యాసను పుస్తకాల తెలుగులోకి మార్పించి మళ్లీ రికార్డు చేయించాలని సలహా ఇచ్చినవారు ఉన్నారు. నేను గట్టిగా వద్దన్నాను. గ్రౌండులో మాస్టారు ఎలా మాట్లాడతారో చెవిలోనూ అలాగే మాట్లాడాలి. ఆ చనువు వల్లనే పిల్లలు ఆయన మాట వింటారు.

ఈ అరగంటలో ఏ ముక్కను నమూనాగా హోమ్‌పేజీలో పెట్టాలన్నది నేను ఎక్కువ ఆలోచించిన సంగతి. పరిచయ వాక్యాలు పెడితే వినేవారికి పాఠం స్వభావం తెలియదు. హుషారెక్కించే మాటలు పెడితే, ఇలాంటివి యూట్యూబ్‌లో కావలసినన్ని ఉన్నాయి కదా అనుకుంటారు. చివరికి మాట పరీక్ష భాగాన్నే ఎంచుకున్నాను, ఎందుకంటే మాస్టారు వినేవారిని ఏదో చేయమని అడిగేది, చేసేదాకా ఆగేది అక్కడే. అయితే ప్రచార పేజీలో నిశ్శబ్దం ప్రమాదకరం: ఆడియో ఆగిపోయిందనుకుని, నెట్ సరిగా లేదనుకుని మనిషి వెళ్లిపోతాడు. అందుకని ఆ సెకన్లలో తెర మీద ‘మాస్టారు మీ జవాబు కోసం ఆగారు’ అనే వాక్యం వస్తుంది, ఆడియో ఎంతవరకు నడిచిందో చూపే గీత కింద కదులుతూనే ఉంటుంది. నమూనా మొత్తం 40 సెకన్లు. ఆ 40 సెకన్ల మాటలన్నీ బటన్ కింద అక్షరాల్లోనూ ఉంటాయి. బస్సులో ఇయర్‌ఫోను లేకుండా పేజీ తెరిచినవారు, సరిగా వినపడనివారు చదువుకోవచ్చు.

పేజీ తెరవగానే గొంతు దానంతట అదే మోగాలని మాస్టారు మొదట కోరారు. అది వీలుపడదు, వీలుపడినా చేయకూడదు. వినియోగదారు ఏదో ఒకటి నొక్కకుండా శబ్దం మోగడాన్ని క్రోమ్ బ్రౌజర్ 2018 నుంచి చాలావరకు అడ్డుకుంటోంది. మిగతా ప్రధాన బ్రౌజర్లదీ దాదాపు అదే తీరు. పైగా అందరూ నిద్రపోతున్న ఇంట్లో తెల్లవారుజామున లింకు తెరిచిన పిల్లవాడి ఫోను ఒక్కసారిగా మోగితే, ఆ పిల్లవాడు మళ్లీ ఆ పేజీ ముఖం చూడడు. బటన్ పెద్దదిగా, బొటనవేలికి అందేలా తెర దిగువ సగంలో ఉండాలి, చెమట చేతితో నొక్కినా పక్కదానికి తగలకూడదు. ఇది అలంకారం కోసం పెట్టిన నియమం కాదు. ఈ పేజీని గ్రౌండు అంచున నిలబడి, ఒక చేత్తో షూ లేసు సరిచూసుకుంటూ, మరో చేత్తో తెరుస్తారు.

ఆడియో ఫైళ్ల బరువు లెక్క కూడా చెప్పాలి. ఒకే మనిషి మాట కాబట్టి స్టీరియో అక్కర్లేదు. సెకనుకు 64 కిలోబిట్ల మోనో ఎంపీ3గా మారిస్తే మాట స్పష్టంగానే వినపడుతుంది. 40 సెకన్ల నమూనా సుమారు 320 కిలోబైట్లు, అరగంట పాఠం సుమారు 14 మెగాబైట్లు అవుతుంది. హోమ్‌పేజీలో తెర నిండా పరిచే ఒక్క ఫొటో చాలాసార్లు ఆ నమూనా కంటే బరువుగా ఉంటుంది. పల్లెల్లో సిగ్నల్ పలచబడే చోట ఏది ముందు దిగాలో అప్పుడు తేలిపోతుంది. పాఠాన్ని రాత్రే దింపుకుని ఉంచుకునే వీలు కూడా కల్పించాం, పొద్దున్న నెట్ మీద ఆధారపడకుండా. 1919 నుంచి సంగీత కళాశాల నడుస్తున్న ఊరు విజయనగరం. చెవితో విని బేరీజు వేయడం ఇక్కడివారికి ఒకరు నేర్పక్కర్లేదు. వినే అవకాశం త్వరగా ఇవ్వడమే మన పని.

ఒక విషయంలో మాత్రం పేజీ చాలా స్పష్టంగా ఉండాలని పట్టుబట్టాను. ఇది ముందుగా రికార్డు చేసిన గొంతు. మీరు ఎక్కడున్నారో, ఎంత దూరం పరిగెత్తారో దీనికి తెలియదు. ఉపగ్రహ సంకేతాలతో దూరం కొలిచే యాప్‌లు వేరు. కనుకనే మాస్టారి సూచనలన్నీ మీటర్లలో కాకుండా నిమిషాల్లో, ఒంటి శ్రమలో ఉంటాయి. ఈ పరిమితిని ధర పక్కనే, అదే సైజు అక్షరాల్లో రాశాం. అలాగే ఉద్యోగం గ్యారంటీ అనే ధోరణి ఎక్కడా కనిపించకూడదు. కానిస్టేబుల్ ఎంపికలో 1600 మీటర్ల పరుగుతోపాటు ఇతర ఈవెంట్లు, శారీరక కొలతలు, రాతపరీక్షలు ఉన్నాయి. ఒక గొంతు వాటన్నిటినీ దాటించలేదు. ఎన్నో ఏళ్ల ఆశతో, అమ్మానాన్నల కష్టార్జితంతో సాధన చేసే పిల్లల దగ్గర తేలిక మాట చెప్పి డబ్బు తీసుకోవడం నాకు సమ్మతం కాదు, మాస్టారికీ కాదు.

బొమ్మల సంగతి. సముద్రతీరంలో పరిగెత్తే విదేశీయుల ఫొటోలు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. అవి పెడితే ఇది మనది కాదనిపిస్తుంది. శ్రీకాకుళం స్టేడియానికి పేరిచ్చిన మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడి చిత్రం, 2000లో సిడ్నీలో కాంస్యం సాధించి ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళగా నిలిచిన మన ఆమదాలవలస కరణం మల్లీశ్వరి చిత్రం పెడదామన్న ఆలోచన కూడా వచ్చింది. వారిని తలచుకుంటే నాకూ ఛాతీ ఉప్పొంగుతుంది. అయినా వారి కీర్తికీ ఈ పాఠాలకూ సంబంధం లేదు. లేని సంబంధాన్ని బొమ్మతో సూచించడం తప్పు. గ్రౌండులో సున్నంతో గీసిన గీతల ఫొటో ఒకటి, మాస్టారు విజిల్ మెడలో వేసుకుని నిలబడిన ఫొటో ఒకటి, అంతే.

సాధన చేసే అమ్మాయిల ఫొటోలు, పేర్లు, ఊళ్లు పేజీలో ఎక్కడా లేవు. వారిలో చాలామంది చీకటి ఉండగానే ఇంటి నుంచి బయలుదేరతారు. ఎవరు ఏ వేళకు ఏ దారిన వెళతారో ఊహించే ఆధారం మన పేజీ నుంచి దొరకకూడదు. ప్రతి పాఠం దగ్గరా ప్లే బటన్‌కు పైనే ఒక సూచన ఉంది: రోడ్డు మీద పరిగెత్తితే ఇయర్‌ఫోను ఒక చెవికే పెట్టుకోండి, ఎదురుగా వచ్చే వాహనాలు కనబడేలా కుడి అంచున పరిగెత్తండి. నెల్లిమర్ల వైపైనా, గజపతినగరం వైపైనా గ్రౌండు దగ్గర లేని పిల్లలకు తారురోడ్డే ట్రాక్.

అక్షరాల విషయంలో ఎక్కువ చెప్పను. ఉచితంగా దొరికే మండలి, నోటో సాన్స్ తెలుగు వంటి ఫాంట్లు చాలు. కాని వత్తులు కింది వరుసకు తగలకుండా, గుడులు పై వరుసను తాకకుండా పంక్తుల మధ్య ఎడం బాగా పెంచాలి. ఇంగ్లీషు కోసం తయారైన టెంప్లేటులో తెలుగు పోసి వదిలేసిన పేజీలు చదవలేక కళ్లు నొప్పెట్టడానికి ముఖ్య కారణం ఇదే. ఈ లింకు జనానికి చేరేది వాట్సాప్ గ్రూపుల ద్వారానే కాబట్టి, అక్కడ లింకుతోపాటు కనిపించే చిన్న బొమ్మ మీద కూడా మాస్టారి ముఖానికి బదులు ‘8 నిమిషాలు, 4 రౌండ్లు’ అని పెద్దగా రాయించాను.

మొదటి పాఠం పూర్తిగా ఉచితం, ఫోను నంబరు కూడా అడగం. నంబరు తీసుకుంటే తరువాత సందేశాలు పంపుకోవచ్చని చెప్పినవారితో మాస్టారు, ‘గ్రౌండుకొచ్చినోడి పేరు రాసుకునే ముందు రెండు రౌండ్లు కొట్టించేవాడిని, బాబూ’ అని ఆ చర్చ ముగించారు. రెండో పాఠం నుంచి యూపీఐతో చెల్లింపు.

ఇప్పుడు జరుగుతున్న పని, 10 నిమిషాల 30 సెకన్ల లక్ష్యంతో మహిళల పాఠాలను ఒక వ్యాయామ ఉపాధ్యాయిని గొంతుతో రికార్డు చేయించడం. పురుషుల పాఠాన్నే వేగం తగ్గించి వాడుకోమనడం సరికాదు. రౌండు సమయం మారితే విడతల నిడివి, సూచన వచ్చే క్షణం అన్నీ మారతాయి. హోమ్‌పేజీలో 8:00 అనే బటన్ పక్కన అదే పరిమాణంలో 10:30కి చోటు ఇప్పటికే ఉంచాను. ఆ రికార్డింగు పూర్తయ్యాకే వెబ్‌సైట్‌ను అందరికీ తెరుస్తాం.