నా వాక్యం నేనే దిద్దుకున్న పరీక్ష

నాకు చూపు లేదు. డిగ్రీ రెండో ఏడాది దాకా నా పరీక్షలన్నీ స్క్రైబ్ చేత, అంటే నేను చెబితే రాసిపెట్టే మనిషి చేతే రాయించాను. చివరిసారి వచ్చిన ఇంటర్ అమ్మాయి చాలా మంచిది. కానీ ఛందస్సు జవాబు చెబుతుంటే "అక్కా, ఇక్కడ ఏ ఒత్తు?" అని లైను లైనుకూ ఆగేది. చెప్పిన వాక్యం మార్చాలనిపించినా, కొట్టేయమనడానికి నాకే మొహమాటం. ఆ తెలుగు పేపర్లో అక్షరదోషాలకు మార్కులు పోయాయి. ఆ దోషాలు నావి కావు.

2023లో, మూడో ఏడాది పరీక్షలు కంప్యూటర్ మీద రాస్తానని దరఖాస్తు పెట్టాను. "అలాంటి రూల్ లేదమ్మా" అన్నారు ఆఫీసులో. ఉంది. వైకల్యం ఉన్నవాళ్ల పరీక్షల కోసం 2018 ఆగస్టు 29న కేంద్రం ఇచ్చిన, అప్పట్లో అమల్లో ఉన్న మార్గదర్శకాల ప్రకారం బ్రెయిలీ, కంప్యూటర్, పెద్దక్షరాలు, గొంతు రికార్డింగ్‌లలో ఏది కావాలో వీలైనంతవరకూ అభ్యర్థినే ఎంచుకోనివ్వాల్సి ఉండేది. స్క్రైబ్ లేకుండా రాసినా మూడు గంటల పరీక్షకు కనీసం గంట అదనం. సొంత ల్యాప్‌టాప్ కుదిరేది కాదు, కానీ వాళ్లిచ్చే కంప్యూటర్‌ను ఒక రోజు ముందు చూసుకునే వీలుండేది. ప్రింటు తీయించి, ఆ లైన్ల కింద గీతలు గీయించి ఇచ్చాను. మూడు వారాలకు అనుమతి వచ్చింది.

ఆ ముందు రోజును మాత్రం ఎవరూ వదులుకోకండి. నేను వెళ్లేసరికి కంప్యూటర్లో స్క్రీన్ రీడరే, అంటే తెర మీది మాటలను పైకి చదివే సాఫ్ట్‌వేరే లేదు. ఎన్‌వీడీఏ అనే రీడర్ ఉచితమే కాబట్టి ల్యాబ్ సార్ అప్పటికప్పుడు వేశారు. తెలుగు గొంతు, మన భాషలు టైప్ చేసే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పెట్టించుకున్నాను. అసలు చిక్కు ప్రశ్నపత్రంతో వచ్చింది. పాత పేపర్ తెరిచి చూస్తే హెడ్‌ఫోన్లో ఏవేవో ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. అచ్చు పనికి వాడే పాత డీటీపీ ఫాంట్లో కొట్టిన ఫైలు అది. కంటికి తెలుగే, కంప్యూటర్‌కు కాదు. ప్రతి అక్షరానికీ సొంత కోడ్ ఉండే యూనికోడ్‌లో ఉంటేనే స్క్రీన్ రీడర్ చదవగలదు. మర్నాటి పేపర్ ముందే తెరవడం కుదరదు. టెన్షన్‌తో చేతులు చల్లబడ్డాయి. చివరికి ఇన్విజిలేటర్ ప్రశ్నలు చదివేటట్టు, నేను టైప్ చేసుకునేటట్టు ఒప్పుకున్నారు. ఆ మాట కాగితం మీద రాయించుకున్నాను.

పరీక్ష రోజు వేళ్లకు ముందు తగిలింది ఎఫ్, జె కీల మీది చిన్న గీతలు. ఇన్‌స్క్రిప్ట్‌లో ఎఫ్ అంటే గుడి, జె అంటే ర. డి నొక్కితే పొల్లు. త, పొల్లు, మళ్లీ త కొడితే త్త. ఒత్తు పడిందో లేదో అనుమానం వచ్చినప్పుడల్లా బాణం కీతో అక్షరం అక్షరం విన్నాను.

రెండో జవాబు సగంలో ఉండగా మొదలు బాగోలేదనిపించింది. నాలుగు లైన్లు చెరిపేసి మళ్లీ రాశాను. ఎవర్నీ అడగలేదు, ఎవరికీ సారీ చెప్పలేదు. ఆ నిమిషం కోసమే ఇన్నాళ్లూ ఆఫీసు మెట్లెక్కానని అప్పుడు తెలిసింది.

నాలుగు గంటలయ్యాక ప్రింటు తీశారు. "చూసుకో అమ్మా, పదమూడు పేజీలు" అని సార్ నా చేతికిచ్చారు. కాగితాలు ఇంకా వేడిగా ఉన్నాయి. ఒక్కొక్కటీ లెక్కపెట్టి తిరిగిచ్చాను.