నా కంప్యూటర్‌లో బాగానే ఉంది మరి

"ఎంపోస్ట్ కనబడలేదు" అంటూ ఆగిపోయింది. రాత్రి పదకొండున్నరకు, మూడోసారి.

ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం, సంగీత స్వరలిపిని అచ్చుకు కూర్చే లిలీపాండ్ ప్రోగ్రామును ప్యాకేజీ చేస్తున్నాను. నా కంప్యూటర్‌లో నిన్నటి నుంచీ చక్కగా తయారవుతోంది. ప్యాకేజీలను తయారుచేసి పరీక్షించే పూడ్రియేర్ దగ్గర ఆ పప్పులు ఉడకవు. ప్రతిసారీ శుభ్రంగా కడిగిన జైలులో, అంటే మిగతా సిస్టమ్‌తో సంబంధం లేని ఖాళీ గదిలాంటి చోట, పని మొదలుపెడుతుంది. ఏమేం కావాలో రాసిపెట్టే మేక్‌ఫైల్‌లో నేను అడగనిది అక్కడ ఉండదు.

ఎంపోస్ట్ అంటే మెటాపోస్ట్, బొమ్మలు గీసే ప్రోగ్రాము. స్వరాల గుర్తులుండే ఎమెంటాలర్ ఫాంటును లిలీపాండ్ దానితోనే గీయించుకుని, ఫాంట్‌ఫోర్జ్‌తో కూర్పిస్తుంది. మెటాపోస్ట్‌తో కలిసొచ్చే టెక్ అనే అచ్చుకూర్పు సాఫ్ట్‌వేర్‌ను నేను ఏనాడో పెట్టుకుని మరిచిపోయాను కాబట్టి లోటు తెలియలేదు. అమ్మ ఉన్నంతకాలం ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలియనట్టు.

మేక్‌ఫైల్‌లో ఒక్క వరుస చేర్చాను. కదిలింది. ఆ వెంటనే ప్యాకింగ్ జాబితా గొడవ. ఎమెంటాలర్ ఒక్కటే 11 నుంచి 26 దాకా ఎనిమిది పరిమాణాల్లో ఉంటుంది, స్వరపంక్తులను కలిపే బ్రేస్ గుర్తులకు మళ్లీ వేరే. ప్రతి ఫైలూ పేరు పేరునా జాబితాకెక్కాలి. పెళ్లి పిలుపుల్లో ఒక్కరిని మరిచినా ఇంత నిష్ఠూరం ఉండదు.

పరీక్షకు మాయామాళవగౌళ ఆరోహణ టైపు చేశాను. రి అంటే "దెస్", ద అంటే "ఆస్". లిలీపాండ్‌ను మొదలుపెట్టినవాళ్లు డచ్చివాళ్లు, మామూలుగా అది వాళ్ల పేర్లే తీసుకుంటుంది. మన శుద్ధ రిషభం డచ్చిలో పలకడం చూసి అర్ధరాత్రి ఒక్కణ్ణే నవ్వుకున్నాను.

పీడీఎఫ్ ముత్యాల్లా వచ్చింది. ప్యాకేజీ తీసేస్తే మాత్రం ఎక్కడో ఒక ఖాళీ ఫోల్డరు మిగిలిపోతోంది. రేపు చూడాలి.