వార్తల బరువుతో బుద్ధగయకి

మనవాళ్లు గయకి వెళ్లేది పిండాలు పెట్టడానికి. విష్ణుపాదం, ఫల్గు, అక్షయవటం అయ్యాక రైలుకి ఇంకా టైముంటే టూరు వాడు బుద్ధగయ కూడా చూపించేస్తాడు. గంటన్నర ఇస్తాడు. చెప్పులు విప్పి, లైన్లో నిలబడి, స్వామికి దండం పెట్టుకుని, బోధి చెట్టు కింద రాలిన ఆకు దొరుకుతుందేమోనని వెతుక్కునేసరికి అది అయిపోతుంది. దర్శనానికైతే చాలు. నేను వెళ్లిన పనికి మాత్రం చాలదు.

ఆ పనేమిటంటే: యుద్ధాల వార్తలు, శిథిలాల కింద పిల్లలు, 2024 జులైలో వయనాడ్ కొండ విరిగిపడ్డప్పటి వీడియోలు చూసి చూసి అన్నం సహించక, నిద్ర పట్టక, ఇంత జరుగుతుంటే నేను కూర్చుని కాఫీ తాగుతున్నానేమిటి అనిపించే స్థితిలోంచి బయటపడటం. ఈ బాధ పడేవాళ్లు ఇప్పుడు చాలా ఇళ్లలో ఉన్నారు. బుద్ధుడు మొక్కులు తీర్చే దేవుడు కాదని తెలుసు, అయినా అలవాటు ఎక్కడికి పోతుంది! నిద్ర ఇప్పించమని మొక్కుకునే బయల్దేరాను. మొక్కు తీరింది. ఎలా తీరిందో ఇంకొకరికి పనికొచ్చేలా రాయడమే ఈ రాత ఉద్దేశం. రైళ్లూ రూములూ ఆటో బేరాలూ ఎవరైనా చెప్తారు.

వైద్యం గేటు దగ్గరే మొదలవుతుంది. 2013 జులైలో ఇక్కడ బాంబులు పేలాక మహాబోధి ఆలయంలోకి మొబైల్ రానివ్వడం లేదు. కౌంటర్లో ఇచ్చి టోకెన్ తీసుకోవాలి. కాశీ, గయ వెళ్తే ఒక కాయ, ఒక పండు వదిలేయడం మన ఆచారం కదా. ఈ జబ్బుతో వచ్చినవాళ్లు వదలాల్సింది వంకాయ కాదు. లోపల కూర్చున్నాక చెయ్యి దానంతటదే జేబు తడుముకుంటుంది. అలా తడుముకున్న ప్రతిసారీ అప్పుడు మనసులో ఏముందో చూసుకోవాలి. చాలాసార్లు అక్కడ ఉండేది జాలి కాదు, బెంగ. "నేను చూడకపోతే ఇంకేదో అయిపోతుంది" అనే బెంగ. మనం చూసినా చూడకపోయినా అక్కడ పడే బాంబు పడుతూనే ఉంటుంది. ఈ నిజం ఒంటికి పట్టడానికి ఫోన్ లేని పూట ఒకటి కావాలి. ఇంటికొచ్చాక పెట్టుకోవాల్సిన మోతాదు: రోజుకి రెండుసార్లు, ఒక్కోసారి పదిహేను నిమిషాలు, చదవడమే తప్ప వీడియో వద్దు, పడుకునే ముందు గంటసేపు అసలు వద్దు. వీడియో ఎందుకు వద్దంటే, చదివినదాన్ని మనసు తన ఓపికని బట్టి ఊహించుకుంటుంది. చూసినది అలా కాదు, నేరుగా కలలోకి వచ్చేస్తుంది.

దర్శనం గురించి చెప్పాలి. గుడి తెల్లవారి అయిదింటికి తెరుస్తారు, అప్పుడే వెళ్లాలి. ఎనిమిది దాటితే జాతరే. పది దేశాల యాత్రికులు, ఒక్కో గుంపుకీ ఒక మైకు, ఒక జెండా. ఒకరు పాళీలో, ఒకరు టిబెటన్‌లో, ఇంకొకరు వియత్నామీలో ఒకేసారి చదువుతుంటారు. గర్భగుడిలో "చలో, ఆగే బఢో" అంటూ తోసేస్తారు. శాంతికి పుట్టినిల్లంటారు గానీ శీతాకాలం సీజన్లో ఆ మైకుల మధ్య మన ఆలోచన మనకే వినపడదు. అంత తోపులాటలోనూ రెప్పపాటు దొరికింది. పాలరాజుల కాలపు నల్లరాతి విగ్రహం, పైన బంగారు పూత, భక్తులు సమర్పించిన చీవరం, అంటే భిక్షువుల వస్త్రం. అందరూ ముఖం చూస్తారు. చూడాల్సింది కుడిచెయ్యి. మోకాలి మీదుగా కిందికి జారి, వేళ్లు నేలని తాకుతూ ఉంటుంది. తపస్సు చెడగొట్టడానికి మారుడు సేనలతో వచ్చి "నీకిక్కడ కూర్చునే అర్హత ఏముంది?" అన్నప్పుడు బుద్ధుడు వాదించలేదు, భూమినే సాక్ష్యంగా నేలని ముట్టుకున్నాడు. ఆ వేళ్లు చూస్తుండగానే వెనకనుంచి ఎవరి సంచో వీపుకి తగిలింది, బయటికి వచ్చేశాను. ఆ కాసేపటికే ఒళ్లు పులకరించింది, ఇప్పటికీ తలుచుకుంటే అంతే. ఇందులో వాడుకోవాల్సిన కిటుకు కూడా ఉంది. వార్త చూసి గుండె దడదడలాడినప్పుడు అరచెయ్యి నేలకో గోడకో ఆనించి, ఆ చల్లదనం తెలిసేదాకా ఉంచాలి. ఆలోచనని ఆలోచనతో ఆపలేం, స్పర్శతో ఆగుతుంది.

ఇక అసలు విషయం. బుద్ధుడి బోధల సంకలనాల్లో ఒకటైన సంయుక్త నికాయంలో రెండు బాణాల సూత్రం ఉంది. బాణం తగిలితే నొప్పి ఎవరికైనా తప్పదు. తెలియనివాడు ఆ నొప్పి మీద ఏడ్చి, గుండెలు బాదుకుని, రెండో బాణం కూడా పొడుచుకుంటాడు. లోకం బాధ చూసి కలుక్కుమనడం మొదటి బాణం, అది తగలాల్సిందే. "నేనేం మనిషిని, నవ్వే హక్కు నాకేది, ఈ లోకం ఇంతే" అన్నది రెండోది. నిద్ర చెడగొట్టేది ఎప్పుడూ ఈ రెండోదే.

దీన్నే బుద్ధఘోషుడనే పాళీ వ్యాఖ్యాత విశుద్ధిమార్గం అనే సాధన గ్రంథంలో ఇంకా గట్టిగా చెప్పాడు. ఆయన పుట్టింది ఈ బుద్ధగయ పక్కనే అని సింహళ వంశకథలు అంటాయి, కాదు తెలుగుదేశంలో అని బౌద్ధ పండితుడు ధర్మానంద కోశాంబి వాదన. ఎక్కడివాడైనా ఆ మాట మాత్రం బంగారం: కరుణకి దూరపు శత్రువు క్రూరత్వం, దగ్గరి శత్రువు శోకం. దూరపు శత్రువుని గుర్తుపట్టడం తేలిక. శోకం అలా కాదు, కరుణ వేషం వేసుకునే వస్తుంది. కుమిలిపోతున్నాం కాబట్టి మనం దయగలవాళ్లమనుకుంటాం. కానీ కుమిలిపోయేవాడు చూస్తున్నది తన నొప్పినే. మథ్యూ రికార్డ్ అనే ఫ్రెంచి భిక్షువు మెదడు స్కానర్లో పడుకుని ముందు అనాథ పిల్లల బాధని మాత్రమే తనదిగా అనుభవిస్తే, కాసేపటికే తట్టుకోలేక సొలసిపోయాడు. వాళ్లు ఆ బాధలోంచి బయటపడాలని కోరుకునే కరుణాభావనకి మారగానే తేరుకున్నాడు. టానియా సింగర్ అనే శాస్త్రవేత్త చేసిన పరిశోధన అది. రెండూ వేరని గ్రంథం ఎప్పుడో అయిదో శతాబ్దంలోనే చెప్పింది.

చెట్టు గుడికి పడమటి వైపు ఉంటుంది. కింద చోటు దొరకడమే కష్టం. దొరికినా జనవరి చలికి రాయి మంచుగడ్డలా ఉంటుంది, దోమలు వదలవు, అరగంటకి మోకాళ్లు పట్టేశాయి, ధ్యానం మాట దేవుడెరుగు. పక్కన ఒక శ్రీలంక భిక్షువు, పెద్దాయన, కాసేపు చూసి తన చాప సగం నా వైపుకి జరిపాడు. శాలువా మడిచి పిరుదుల కింద, కాస్త వెనక్కి పెట్టుకోమని చేత్తో చూపించాడు. మోకాళ్లు నడుము కన్నా కిందికి వస్తే నొప్పి సగం తగ్గుతుంది, నాలుగైదు అంగుళాల ఎత్తు చాలు. అప్పుడు వచ్చీరాని ఇంగ్లీషులో అడిగాడు: "ఎవరిని తలుచుకుంటున్నారు? ఉన్నవాళ్లనా, పోయినవాళ్లనా?" పోయినవాళ్లనే అన్నాను. తల అడ్డంగా ఊపాడు.

ఎదుటివాళ్లు సుఖంగా ఉండాలని కోరుకునే ధ్యానమే మైత్రీభావన, అది పోయినవాళ్ల మీద నిలవదట. విశుద్ధిమార్గంలోనే కథ ఉంది. ఒక చిన్న భిక్షువు గురువుని తలుచుకుని ఎంత ప్రయత్నించినా మైత్రి కుదరలేదు. ఎందుకని వేరొక పెద్దని అడిగితే, గురువు సంగతి కనుక్కోమన్నాడు. గురువు అప్పటికే పోయాడు. వీడియోల్లో మనం పట్టుకుని వేలాడేది ఎక్కువగా పోయినవాళ్ల ముఖాలే. అందుకే మనసు ఎక్కడా ఆనక అదే పనిగా తిరుగుతుంది. వాళ్ల కోసం చెయ్యాల్సింది వేరే: ఒక మంచి పని చేసి ఆ పుణ్యం ధారపోయడం. మాకు కొంచెం అవతలే ఒక సింహళ కుటుంబం చిన్న కూజాలోంచి గిన్నెలోకి నీళ్లు పోస్తోంది. గిన్నె నిండి పళ్లెంలోకి పొర్లేదాకా, "ఇదం మే ఞాతీనం హోతు, సుఖితా హోన్తు ఞాతయో" అంటూ. ఇది మా బంధువులకి చెందాలి, వాళ్లు సుఖంగా ఉండాలి అని అర్థం. గయలో తర్పణం వదిలి వచ్చిన మనకి ఇది కొత్తేం కాదు. ధారపోశాక గిన్నె పక్కన పెట్టేస్తారు. భావన మాత్రం బతికున్నవాళ్ల కోసం: వీడియోలో పోయిన పిల్ల తల్లి, మట్టి తవ్వుతున్న జవాను, ఆసుపత్రిలో నర్సు.

భావన చేసే పద్ధతి, ఇరవై అయిదు నిమిషాల లెక్కన. మొదటి అయిదు నిమిషాలు ఊపిరి, అంతే. తర్వాత అయిదు తనకోసం: "నేను సుఖంగా ఉండాలి, దుఃఖం లేకుండా ఉండాలి." మనవాళ్లు చాలామంది ఈ మెట్టు స్వార్థమనుకుని దాటేస్తారు, అక్కడే చెడుతుంది. తన సుఖం కోరుకోవడం తెలిస్తేనే ఎదుటివాడూ అదే కోరుకుంటాడని తెలిసేది. ఆ తర్వాత పది నిమిషాలు కష్టంలో ఉన్న ఒకే ఒక్కరు. లక్షలమంది కాదు, దేశం కాదు. "అయ్యో, ఎంత కష్టంలో పడ్డారు, దీంట్లోంచి బయటపడితే బాగుండు." గ్రంథం చెప్పిన మాట కూడా ఇంచుమించు ఇంతే. ఈ మాటలో బరువంతా చివరి సగంలో ఉండాలి. "ఎంత కష్టం" దగ్గరే ఆగిపోతే అది శోకం, "బయటపడితే బాగుండు" దగ్గర నిలిస్తే కరుణ. వారంపాటు ఆ ఒక్కరే. తర్వాత ఆప్తులు, ఆ తర్వాత పేరు తెలియని పాలవాడో కండక్టరో, ఆఖర్న మనకి గిట్టనివాళ్లు. బాంబు వేసినవాణ్ణి మొదటిరోజే తెచ్చి కూర్చోబెడితే కోపం తప్ప ఇంకేం రాదు. చివరి అయిదు నిమిషాలు మళ్లీ ఊపిరి.

మధ్యలో ఏడుపు ముంచుకొస్తే బలవంతంగా ఆపొద్దు, కొనసాగించనూ వద్దు. కళ్లు తెరిచి లేచి నడవాలి. గుడికి ఉత్తరాన రాతి పద్మాలు వరసగా ఉన్న రత్నచంక్రమణం ఉంది, జ్ఞానోదయమయ్యాక మూడోవారం బుద్ధుడు నడిచిన చోటంటారు. ఇంట్లో అయితే వరండా చాలు, ఇరవై అడుగులు అటు, ఇరవై ఇటు, ధ్యాస అరికాలి మీద. ఏడుపు రాకపోగా ఏమీ అనిపించకుండా రాయిలా అయిపోతే మనిషిని మార్చాలి, ఇంకా దగ్గరివాళ్లని, ఇంకా చిన్న కష్టాన్ని తీసుకోవాలి. పంటినొప్పితో ఉన్న పక్కింటావిడ చాలు. టిబెటన్లు ఊపిరితో పాటు ఎదుటివాళ్ల బాధని లోపలికి తీసుకుని సుఖాన్ని వదిలే తోంగ్‌లెన్ నేర్పుతారు. గొప్ప సాధనే, కానీ ఇప్పటికే మునిగిపోతున్నవాళ్లు గురువు లేకుండా దాని జోలికి వెళ్లొద్దు.

ఇంకో తప్పు ఉపేక్ష పేరుతో జరుగుతుంది. ప్రతి ప్రాణీ తన కర్మకి తానే వారసుడు, అందరి బాధా నేను మోయలేను అని తెలుసుకోవడం ఉపేక్ష. అది జారితే వాళ్ల ఖర్మ అని చేతులు దులుపుకోవడం అవుతుంది. దానికి అదే దగ్గరి శత్రువు. ఆనవాలు: వార్త విన్నాక మనసు కుదురుగా ఉండి చెయ్యి సాయానికి లేస్తే ఉపేక్ష. చెయ్యి కూడా లేవకపోతే అది నిర్లక్ష్యం.

నది దాటి సుజాత స్తూపానికి తప్పకుండా వెళ్లండి. ఎండాకాలమైతే ఇసకలో నడిచే పోవచ్చు. ఆరేళ్లు ఒళ్లు ఎండగట్టుకున్న బుద్ధుడు ముందు సుజాత చేతి పాయసం తిని, ఆ తర్వాతే చెట్టు కింద కూర్చున్నాడు. లోకం ఆకలి చూసి అన్నం మానేసేవాళ్లు ఈ వరస గమనించాలి. రెండు వారాలు దాటినా నిద్ర, తిండి గాడిన పడకపోయినా, చచ్చిపోతే బాగుండనిపించినా ధ్యానం కాదు చెయ్యాల్సింది, డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మానసిక సాయానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416 రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.

ఆలయం గేటు బయట చేతులు చాచేవాళ్లు చుట్టుముడతారు. ఒకరికిస్తే పదిమంది వస్తారు, లోపల సంపాదించుకున్నదంతా అక్కడే పోతుంది. పిల్లలు డబ్బు వద్దంటారు, పాలపొడి డబ్బానో పుస్తకాలో కొనిపెట్టమని కొట్టుకి లాక్కెళ్తారు. కొన్నాక ఆ వస్తువు తిరిగి కొట్టుకే చేరడం కద్దు. అందుకని ఆ రోజు ఎంత ఇవ్వాలో రూమ్‌లోనే అనుకుని, చిల్లర విడిగా పెట్టుకుని, అది అయిపోయాక నమస్కారం పెట్టి వచ్చేయాలి. ఇంటి దగ్గరా అంతే. నెలకి ఎంత, ఏ పనికి అన్నది ఒక్కసారి నిర్ణయించి, తేదీ వచ్చేసరికి బ్యాంకు నుంచి దానంతటదే వెళ్లేలా పెట్టేస్తే, ప్రతి వీడియో కిందా ఇవ్వాలా వద్దా అని మళ్లీ మొదటినుంచి నలిగిపోవక్కర్లేదు.